టీవీలో భ్రమరాంబ, వసారాలో భ్రమరాంబ

మామిడిలంకలో సోమలింగంగారి ఇల్లెక్కడని ఎవరినడిగినా చెబుతారు. చెప్పేముందు మాత్రం ఒకసారి నవ్వుతారు. అది తమ ఇంటి తెలివిని తలుచుకుని వచ్చిన నవ్వేనని సోమలింగంగారు మురిసిపోతుంటారు. ఒక లెక్కన అది నిజమే.

"మనింట్లో బుర్రలు ఎక్కువైపోయాయిరా. వీధి వీధంతా పంచినా ఇంకా మిగులుతాయి," అని ఆయన రోజూ భోజనాల దగ్గర అనేవారు. పెద్దకొడుకు కామేశం "ఆయ్, నిజమే నాన్నగారూ" అనేవాడు. చిన్నకొడుకు బుల్లియ్యకి నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదని చిన్నప్పుడెవరో చెప్పారు. అందుకని వాడు అన్నమంతా తిని, చెయ్యి కడుక్కుని, వక్కపలుకు కూడా నమిలి మింగి, అప్పుడొచ్చి "నిజమే" అనేవాడు. దేనికి నిజమే అంటున్నాడో అప్పటికి ఎవరికీ గుర్తుండేది కాదు.

పెద్దకోడలు భ్రమరాంబ మాత్రం మామూలు ఇంటి పిల్ల. కానీ ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదా. ఈమె కాపురానికొచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఇంకేముంది, ఇప్పుడామె తెలివికి మావగారు కూడా జంకుతారు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. సోమలింగంగారి తండ్రి పోతూపోతూ కొడుకుని దగ్గరికి పిలిచి, "ఒరేయ్, కరెంటు దండగ చెయ్యకండి. గదిలోకి వచ్చినవాడు స్విచ్చులు వెయ్యాలి, ఆఖర్న పోయేవాడు తియ్యాలి," అని కన్నుమూశాడట. పాపం పెద్దాయన ఏదో దీపాల గురించి చెప్పి ఉంటాడు. వీళ్ళు అక్షరం వదల్లేదు. మిట్టమధ్యాహ్నం గదిలోకి అడుగు పెట్టినా ఉన్న స్విచ్చులన్నీ టపటపా వేస్తారు. దువ్వెన తీసుకుని బయటికొస్తే అన్నీ టపటపా తీస్తారు. పెద్దల మాట కదా.

రెండో సంగతి, ఆ ఇంటి కరెంటు పని చేసింది కామేశం. హాల్లో టీవీకి ప్లగ్గు పెట్టాడు. దాని స్విచ్చు మాత్రం గోడకి అవతల, వసారాలో దీపం స్విచ్చు పక్కన పెట్టాడు. ఎందుకురా అలాగంటే, "దొంగలొచ్చారనుకోండి, టీవీ చూద్దామంటే స్విచ్చెక్కడుందో దొరక్క విసిగిపోయి వెళ్ళిపోతారు," అన్నాడు. సోమలింగంగారు కొడుకుని కౌగిలించుకున్నారు.

అయినా ఇన్నాళ్ళూ టీవీ భేషుగ్గా ఆడింది. ఎందుకంటే అత్తగారు వెంకాయమ్మ పొద్దస్తమానం వసారాలో మడతమంచం మీదే ఉండేది. ఆవిడ అక్కడుండగా వసారాలోంచి ఆఖర్న పోయేవాడంటూ ఉండడు కదా, స్విచ్చు తీసే ప్రసక్తి లేదు. ఆ వెంకాయమ్మ శుక్రవారం నాడు భజన బృందంతో కాశీకి బయల్దేరింది. ఇంటి పద్ధతి ప్రకారం ఆఖర్న తానే కనక రెండు స్విచ్చులూ తీసి, దణ్ణం పెట్టి, బస్సెక్కింది. ఆవిడ మంచం ఖాళీగానే ఉంది కానీ, పెద్దావిడ స్థానంలో ఎవరు కూర్చుంటారు? వసారా బోసిపోయింది.

మీకీపాటికి అర్థమైపోయి ఉంటుంది. వాళ్ళకి కాలేదు. అదే వాళ్ళ గొప్ప.

టీవీ సంగతి మర్నాడు, శనివారం మధ్యాహ్నం బయటపడింది. ఆ శనివారం భ్రమరాంబకి మామూలు శనివారం కాదు. కిందటి నెల వంటల కార్యక్రమం వాళ్ళు ఊరి సత్రానికి వచ్చి ఆమె చేత పనసపొట్టు కూర చేయించుకుని పోయారు. "శనివారం సాయంత్రం ఆరింటికి మీరు టీవీలో వస్తారు, తప్పకుండా చూడండి," అని చెప్పారు. అప్పట్నుంచి ఆమెకి ఒకటే ఆత్రం. ఆవేళ లైట్లు కళ్ళల్లో కొడుతుంటే ఆమెకి ఏమీ కనిపించలేదు. తను ఎలా నిలబడిందో, ఎలా నవ్విందో, గరిటె ఎలా తిప్పిందో ఒక్కసారి చూసుకోవాలి. ఆ ఇంట్లో ఆమె చేసిన కూరని చూసినవాళ్ళే కానీ, ఆమె మొహంలోకి చూసినవాళ్ళు లేరు మరి. ఆ కోరిక తప్పేం కాదు.

అయితే ఆమె దాన్ని ఆ ఇంటి తెలివితోనే అర్థం చేసుకుంది. ఆరింటికి తను టీవీలో రావాలంటే ఆరింటికి తయారుగా ఉండద్దూ? మాసిన చీరతో పడుకుని ఉంటే టీవీలో అదే వస్తుంది. అందుకని తెల్లారగట్లే లేచి, తలంటుకుని, ఆవేళ కట్టుకున్న వంగపండు రంగు పట్టుచీరే మళ్ళీ కట్టుకుంది. పనసపొట్టు తెప్పించి ఉడకబెట్టింది. ఆవ ముద్దకని ఆవాలూ ఎండుమిర్చీ నానబోసి మిక్సీలో వేసి ఉంచింది. పొయ్యి తెచ్చి హాల్లో వెనక బల్ల మీద పెట్టుకుంది.

అంతా సిద్ధం చేసుకుని, "ఏవండీ, ఒకసారి టీవీ వేసి చూడండి," అంది మొగుడితో. కామేశం రిమోట్ నొక్కాడు. టీవీ పలకలేదు. గట్టిగా నొక్కాడు. వెనక్కి జరిగి, పరిగెత్తుకుంటూ వచ్చి నొక్కాడు. ఊహూఁ. భ్రమరాంబ, "ఇంతకాలం ఆడి, ఇవాళేనా దీనికి తెగులు!" అని మూతికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"కంగారు పడకమ్మా, మనింట్లో ఇన్ని బుర్రలున్నాయి," అన్నారు సోమలింగంగారు. "ముందు కంపెనీకి ఫోన్ చెయ్యండిరా."

బుల్లియ్య సెల్లులోంచి చేశారు. ఎవరో అమ్మాయి తీసింది. "నమస్కారమండి, మీ టీవీకి ఏమైందండి?"

"ఏమైందో మాకు తెలిస్తే మీకెందుకు చేస్తాం అండి?" అన్నాడు కామేశం.

అమ్మాయి ఓర్పు గలది. "టీవీ కింద అంచున చిన్న ఎర్రలైటు వెలుగుతోందాండి?"

"లేదండి."

"అయితే కరెంటు అందట్లేదు. గోడమీద స్విచ్చు వేసి చూడండి."

"ఉండండి, వేసొస్తాను." కామేశం వసారాలోకి వెళ్ళాడు. వచ్చినవాడు వెయ్యాలి కనక రెండు స్విచ్చులూ వేశాడు. పనైపోయింది కనక వెనక్కి తిరిగాడు. పోయేవాడు తియ్యాలి కనక రెండు స్విచ్చులూ తీశాడు. హాల్లోకి వచ్చి, "వేసొచ్చానండి," అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

"వెలిగింది నాన్నగారూ!" అని అరిచాడు బుల్లియ్య, టీవీ ముందు చతికిలబడి. "అరెరె, ఆరిపోయింది."

"ఒకసారి వెలిగి ఆరిందాండి?" అంది అమ్మాయి. "అయితే తేడా టీవీలో ఉందో ప్లగ్గులో ఉందో తేలాలి. అదే ప్లగ్గులో వేరే వస్తువు పెట్టి చూడండి."

సోమలింగంగారు చుట్టూ చూసి, తన చేతికర్ర తెచ్చి, వంగి, ప్లగ్గులో పెట్టబోయారు. "వేరే వస్తువు పట్టట్లేదమ్మా. కన్నాలు చిన్నవి," అన్నారు ఫోన్లో.

"ఏం పెడుతున్నారండీ?"

"కర్ర."

అవతల అమ్మాయి కెవ్వుమంది. "కరెంటు వస్తువండీ బాబూ! మిక్సీ లాంటిది!"

అంతే, బుల్లియ్య వంటింట్లోకి దూకి మిక్సీ తెచ్చాడు. లోపల ఆవాలూ మిర్చీ ఉన్నాయి. మూత వంటింట్లోనే ఉండిపోయింది. అమ్మాయి మిక్సీ తెమ్మంది కానీ మూత తెమ్మనలేదు. ఏం జరుగుతుందో చూద్దామని సోమలింగంగారు మిక్సీలోకి తొంగి చూస్తున్నారు. కామేశం వసారాలోకి వెళ్ళాడు. వేశాడు. మిక్సీ గుర్రుమంది. ఆవాలూ మిర్చీ కలిసి సోమలింగంగారి కళ్ళూ ముక్కూ బట్టతలా ఏకం చేశాయి. కామేశం తిరిగొస్తూ తీశాడు. మిక్సీ టక్కున ఆగింది.

"ఓరి నాయనో! ఓరి దేవుడో!" అని పెద్దాయన హాలంతా గెంతారు. భ్రమరాంబ చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది. ఆయన ఒక కన్ను తెరిచి, ఆ ఒంటికంటితోనే ఆలోచించి, తీర్పు చెప్పారు.

"చూశారా? మిక్సీ పొద్దుటిదాకా నిక్షేపంలా ఉంది. టీవీ ప్లగ్గులో పెట్టగానే ఒక్క కేక పెట్టి పోయింది. టీవీకి వచ్చిన జబ్బు మిక్సీకి అంటుకుంది!"

"అలా అంటుకోవడం ఉండదండీ," అని ఫోన్లోంచి అమ్మాయి అంటూనే ఉంది. ఎవరు వింటారు? ఇంకేముంది, ఇంట్లో మిగిలిన వస్తువులకి అంటకుండా కాపాడాలి. అన్నదమ్ములిద్దరూ ఫ్రిజ్ లాక్కుపోయి పెరట్లో కట్టెల పాకలో పెట్టారు. ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను, నీళ్ళు కాచే హీటరు అన్నీ పాకలోకి పోయాయి. బుల్లియ్య కుర్చీ మీద కుర్చీ వేసుకుని హాల్లో ట్యూబులైటు ఊడబెరికి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, "నీకేం కాదులే" అని సముదాయిస్తూ తీసుకెళ్ళాడు. సెల్లు చార్జరు కూడా కరెంటు వస్తువే కనక దాన్నీ పాకలో పడుకోబెట్టారు.

భ్రమరాంబ ఇదంతా చూస్తూ, రోట్లో మళ్ళీ ఆవ నూరుకుంటోంది. చీర కుచ్చెళ్ళకి ఆవ అంటకుండా పైకి దోపుకుంది. ఆమె మనసంతా గడియారం మీదే ఉంది. "మావయ్యగారూ, తొందరగా తేల్చండి," అంది.

మళ్ళీ ఫోన్ చేశారు. అదే అమ్మాయి. ఆమె జాతకం అలా ఉంది. "ఒక్కోసారి ఎక్కువసేపు నడిస్తే వేడెక్కుతుందండి. ప్లగ్గు తీసేసి, కాసేపు టీవీకి విశ్రాంతి ఇవ్వండి," అంది.

"అదీ మాట! మనిషికైనా అంతే కదా," అన్నారు సోమలింగంగారు. టీవీని గోడ మీంచి దించి, పట్టెమంచం మీద పరుపేసి పడుకోబెట్టారు. తలగడ పెట్టారు. తల ఏవైపో తేలక నాలుగు పక్కలా నాలుగు తలగడలు పెట్టారు. వేడి తగ్గుతుందని మంచిగంధం తీసి అంచులకి రాశారు. బుల్లియ్య విసనకర్రతో విసిరాడు. భ్రమరాంబ రోకలి చప్పుడు చేస్తే, "ష్! ఇప్పుడే కన్ను మూసింది," అని కామేశం కసిరాడు. పాపం ఆమె మిగతా ఆవ చప్పుడు కాకుండా వేళ్ళతో నలుపుకుంది.

ఆ విశ్రాంతి అయ్యాక టీవీని మళ్ళీ గోడకెక్కించి, కామేశం వసారాలోకి వెళ్ళి, వేసి, తీసి వచ్చాడు. బుల్లియ్య "వెలిగింది, ఆరింది" అన్నాడు. ఇప్పుడది వాడికి అలవాటైపోయింది.

మూడోసారి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి లోతుగా నిట్టూర్చి, "ప్లగ్గు తీసేసి, టీవీకి పక్కన బటన్ ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకోండి. పట్టుకుని..." అంది. అంతే. సెల్లులో చార్జింగ్ అయిపోయింది. చార్జరేమో పాకలో ఉంది. ప్లగ్గు పీకి బుల్లియ్య బటన్ నొక్కి పట్టుకున్నాడు.

"ఎంతసేపు పట్టుకోవాలి అన్నయ్యా?"

"వదలమని చెప్పారా?"

"చెప్పలేదు."

"అయితే పట్టుకునే ఉండు."

వాడు నొక్కి పట్టుకున్నాడు. మధ్యాహ్నం టిఫిన్ వేళైంది. భ్రమరాంబ అట్టు తుంచి మరిది నోట్లో పెట్టింది. ముక్కు దురద పెడితే అన్నయ్య గోకాడు. చూపుడువేలు తిమ్మిరెక్కితే బొటనవేలికి మార్చుకుందామంటే, మధ్యలో రెప్పపాటు వదిలినట్టవుతుందని తండ్రి ఒప్పుకోలేదు.

ఇంతలో పక్కింటి అచ్యుతమ్మ వచ్చింది. ఆవిడ వీళ్ళింటికి పంచదారకని వస్తుంది కానీ, తీసుకెళ్ళేది వీధిలో చెప్పుకోడానికి కథలు. గుమ్మంలోంచే చూసింది. పట్టుచీరలో కోడలు, గోడకి అంటుకుపోయిన మరిది, ఎర్రకళ్ళతో మావగారు, గంధం పూసిన టీవీ. ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది.

"అమ్మాయ్, ఆరవుతోంది. మీ టీవీ ఆడకపోతే మా ఇంట్లో ఉందిగా. వచ్చి చూసుకో," అంది కాస్త తేరుకుని. నిజంగా మంచి మాటే అంది.

భ్రమరాంబ మొహం వెలిగిపోయింది. గబగబా చేతులు కడుక్కుంది. అప్పుడు సోమలింగంగారు చేతికర్ర నేలమీద కొట్టారు.

"ఏమిటీ? మా కోడలు మీ టీవీలో రావడమా? మాకు లేదా టీవీ? ఇంటికోడలు పరాయింటి టీవీలో కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారు? వస్తే మా టీవీలోనే వస్తుంది. రాకపోతే ఇంట్లోనే పడి ఉంటుంది!"

"ఆయ్, నిజమే నాన్నగారూ," అన్నాడు కామేశం.

భ్రమరాంబ కడుక్కున్న చేతులు మెల్లిగా చెంగుకి తుడుచుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవ ఘాటు అనుకున్నారు అందరూ. మగాళ్ళ పరువు సంగతి అలా ఉంటుంది. టీవీలో పోయిన పరువు కోడలి కళ్ళల్లోంచి కారాలి.

అచ్యుతమ్మ చెంగు మళ్ళీ నోట్లో కుక్కుకుంది. ఫోన్ మాత్రం ఇచ్చింది. ఆరింటికి తన ఇంట్లో ఆడే కార్యక్రమం చూడాలా, ఈ ఇంట్లో ఆడే కార్యక్రమం చూడాలా అని ఒక్క క్షణం ఆలోచించి, పీట లాక్కుని ఇక్కడే కూర్చుంది. కూర్చునేముందు వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకి కేకేసింది కూడా.

ఆవిడ ఫోన్లోంచి కంపెనీ అమ్మాయికి చేశారు. "పట్టుకునే ఉన్నామండి," అన్నాడు కామేశం.

"దేన్నండి?"

"బటన్ని."

"ఇప్పటిదాకానా? వదలండి బాబూ, వదలండి!"

బుల్లియ్య వదిలాడు. వేలు మాత్రం అలాగే నిలబడిపోయింది. వాడు ఆ రాత్రంతా ఎవరినో చూపిస్తున్నట్టే తిరిగాడు. ప్లగ్గు పెట్టారు. కామేశం వసారాలోకి వెళ్ళాడు. ఏం చేశాడో మళ్ళీ చెప్పక్కర్లేదు.

అమ్మాయి గొంతులో ఏడుపు వినపడుతోంది. "చివరిగా ఒక్కటి చూడండి. తెర మీదకి టార్చిలైటు వెయ్యండి. ఒక్కోసారి లోపల బొమ్మ ఉంటుంది, వెలుగు లేక కనిపించదు. మసగ్గా ఏమైనా కనిపిస్తే చెప్పండి," అని ఫోన్ పెట్టేసింది.

సోమలింగంగారు పూజగదిలోంచి టార్చి తెచ్చారు. ట్యూబులైటు పాకలో ఉంది కనక హాలంతా చీకటి పడుతోంది. ఆయన తెరకి దగ్గరగా వెళ్ళి, టార్చి గడ్డం కింద పెట్టుకుని తొంగిచూశారు. నల్లటి తెరలో ఎర్రకళ్ళ ముసలాయనొకడు ఈయన్నే చూస్తూ కనిపించాడు.

"వచ్చింది! బొమ్మ వచ్చింది!" అని కేకేశారు. "ఎవరో పెద్దమనిషి. మంచి తెలివైన మొహం."

"వార్తలనుకుంటా," అన్నాడు కామేశం. అచ్యుతమ్మ పీట మీంచి జారింది.

గడియారం ఆరు కొట్టింది. భ్రమరాంబ గబగబా చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. టీవీలో తను వచ్చే వేళైంది. పరిగెత్తి వెనక బల్ల దగ్గరికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. "ఏవండీ, చీకట్లో పోపుడబ్బా కనిపించట్లేదు, ఇటు లైటు వెయ్యండి," అంది. కామేశం తండ్రి చేతిలో టార్చి తీసుకుని ఆమె వైపు తిప్పాడు.

అంతే. తెరలో వంగపండు రంగు పట్టుచీర మెరిసింది. మూకుడు, గరిటె, పైకి లేచే ఆవిరి, వాటి వెనక భ్రమరాంబ కనిపించారు.

"మా వదిన! మా వదిన వచ్చింది!" అని బుల్లియ్య తిమ్మిరి వేలితో చూపించాడు. సోమలింగంగారు చప్పట్లు కొట్టారు. అచ్యుతమ్మా ఆవిడ తెచ్చిన జనమూ అంతకంటే గట్టిగా కొట్టారు. వాళ్ళు దేనికి కొట్టారో వాళ్ళకి తెలుసు. ఒక్కరైనా "వెనక్కి తిరిగి చూడండయ్యా" అనలేదు. ఊరికి నవ్వుకోడానికి ఒక ఇల్లుండాలి, దాన్ని బాగుచెయ్యడం ఎవరికీ ఇష్టం ఉండదు.

పోపు చిటపటలాడింది. "ఎంత స్పష్టంగా వినపడుతోందో!" అన్నారు సోమలింగంగారు. ఇంగువ పడింది. "ఓహో, వాసన కూడా వస్తోందిరా! కొత్త టీవీల మహిమ!" పనసపొట్టు మూకుట్లో పడింది. "చూడరా కామేశం, మన కోడలు ఎంత బాగా చేస్తోందో. ఇంత పనిమంతురాలని నాకిన్నాళ్ళూ తెలియదు."

భ్రమరాంబ వెనక నిలబడి అన్నీ వింటోంది. పెళ్ళైన ఇన్నేళ్ళకి మావగారి నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు. కానీ ఆమెకి కనిపిస్తున్నవి మాత్రం వీపులే. మావగారి వీపు, మరిది వీపు, అచ్యుతమ్మ జడముడి. టార్చి పట్టుకున్న మొగుడు కూడా చెయ్యి ఇటు చాపి మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె మునివేళ్ళ మీద లేచింది. పక్కకి వంగింది. తెరలో ఒక్క ముక్క కూడా కనిపించలేదు.

"నన్నూ చూడనివ్వండి!" అంది.

"ష్, టీవీలో ఏదో మాట్లాడుతోంది," అన్నారు మావగారు.

కాసేపటికి ఇక చాలనుకుని ఆయన రిమోట్ తీసి నొక్కారు. బొమ్మ పోలేదు. మళ్ళీ నొక్కారు. పోలేదు. "ఇదేమిట్రా, ఇప్పటిదాకా రానన్న టీవీ ఇప్పుడు ఆగనంటోంది! ఫోన్ చెయ్యండిరా ఆ అమ్మాయికి!"

భ్రమరాంబకి ఒళ్ళు మండింది. పొయ్యి కట్టేసి, గరిటె విసిరేసి, "మీ టీవీ మీరే చూసుకోండి," అని విసురుగా వసారాలోకి వెళ్ళిపోయింది. తెరలో బొమ్మ మాయమైంది. "ఆగింది, ఆగింది. పొగరుబోతు టీవీ," అన్నారు సోమలింగంగారు.

ఎంత కోపంలో ఉన్నా ఆమె ఆ ఇంటి కోడలే. వసారాలోకి వచ్చింది కనక రెండు స్విచ్చులూ వేసింది. తర్వాత అత్తగారి మంచం మీద, అదీ కోపంలోనే, ధైర్యం చేసి కూలబడింది. చెంగు మొహాన కప్పుకుని ఏడ్చింది.

ఇటు హాల్లో టీవీ భళ్ళున వెలిగింది. తెరనిండా భ్రమరాంబ. నిజం భ్రమరాంబ, అంటే టీవీది. సత్రంలో లైట్ల కింద నిలబడి నవ్వుతోంది. పాటలూ రంగులూ హాలంతా నిండిపోయాయి. తెర అడుగున "మళ్ళీ రేపు పొద్దున్న పది గంటలకి" అని అక్షరాలు పరిగెత్తాయి.

"అమ్మాయ్! మళ్ళీ వచ్చావు! రా, రా, ఈసారి చక్కగా ఉన్నావు!" అని మావగారు కేకేశారు. "భ్రమరా, పరిగెత్తు!" అన్నాడు మొగుడు.

ఆమె ఒక్క గెంతు గెంతింది. గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగింది. వసారాలోంచి ఆఖర్న పోతున్నది తనే కదా. రెండు స్విచ్చులూ టపటపా తీసి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని హాల్లోకి పరిగెత్తుకొచ్చింది.

చీకటి.

"ఏదీ?" అంది రొప్పుతూ.

"ఇప్పుడే వెళ్ళిపోయావమ్మా," అన్నారు సోమలింగంగారు విచారంగా. "నువ్విటు వచ్చావు, నువ్వటు వెళ్ళిపోయావు. రేపు పొద్దున్న పది గంటలకి మళ్ళీ వస్తానని చెప్పి మరీ వెళ్ళావు."

ఆ రాత్రి ఇంటి బుర్రలన్నీ ఒకచోట చేరి ఆలోచించాయి. ఆఖరికి సోమలింగంగారు తేల్చారు. "టీవీలో తప్పు లేదు, ప్లగ్గులో తప్పు లేదు. ఒక ఇంటికి ఒక పెద్దకోడలే ఉండాలి. మన భ్రమరాంబ హాల్లోకి వస్తే ఆ భ్రమరాంబకి కూర్చోడానికి చోటు చాలక మర్యాదగా తప్పుకుంటోంది. అందుకని రేపు మన అమ్మాయి వసారాలోనే ఉండాలి. మనం చూసి చెబుదాం."

"మరి నేనెలా చూసుకోనండీ?" అంది భ్రమరాంబ.

"నిన్ను మేం చూస్తాంగా. నువ్వు చూసుకోవడం ఎందుకు?"

"ఆయ్, నిజమే," అన్నాడు కామేశం. బుల్లియ్య అన్నం తింటున్నాడు కనక తెల్లారి అన్నాడు.

ఆదివారం పది కాకముందే భ్రమరాంబ మళ్ళీ పట్టుచీర కట్టుకుని, పొయ్యి, మూకుడు, ఆవ గిన్నె వసారాలో పెట్టుకుని, అత్తగారి మంచం పక్కన నిలబడింది. రెండు స్విచ్చులూ వేసింది. లోపల టీవీ ఠంచనుగా వచ్చింది. సోమలింగంగారు మీసం దువ్వుకున్నారు. చెప్పానా లేదా అన్నట్టు కొడుకుల వైపు చూశారు.

"నూనె పోస్తున్నావే!" అని లోపల్నుంచి కామేశం కేకేశాడు.

"పోస్తున్నా, పోస్తున్నా!" అని ఆమె గబగబా నూనె పోసింది.

"ఆవాలు వేశావు! మినప్పప్పు వేశావు! కరివేపాకు!"

"నిదానంగా చెయ్యమనండి దాన్ని! నూనె కాగద్దూ?"

"పొట్టు వేశావు! చింతపండు పులుసు పోశావు! నవ్వుతున్నావు!"

భ్రమరాంబ చేతికందినవన్నీ మూకుట్లో పడేసి, గోడకేసి నవ్వింది. "ఎలా ఉన్నానండీ?" అని అరిచింది.

"బాగున్నావమ్మా, కదలకు!" అన్నారు మావగారు.

"దించేశావు!" అన్నాడు కామేశం. "నమస్కారం పెడుతున్నావు!"

ఆమె మూకుట్లోకి చూసింది. "ఆవ కలిపానా?"

"ఏమో, నేను తుమ్ముతున్నాను, చూడలేదు."

"ఆవ కలపకుండా నమస్కారమా? లోకం నన్నేమనుకుంటుంది! ఆగమనండి దాన్ని, నేనొచ్చి కలుపుతాను!"

ఆవ గిన్నె చేత్తో పట్టుకుని బయల్దేరింది. పద్ధతి మరచిపోలేదు. రెండు స్విచ్చులూ టపటపా తీసింది. అందర్నీ తోసుకుంటూ హాల్లోకి దూసుకొచ్చి, టీవీ ఎదురుగా నిలబడింది.

నల్లటి తెరలో వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని, చెదిరిన జుట్టుతో, రొప్పుతూ, ఒకామె నిలబడి ఉంది. తిన్నగా ఈమె మొహంలోకే చూస్తోంది. ఆమె చేతిలో ఆవ గిన్నె ఉంది.

భ్రమరాంబ కళ్ళారా చూసుకుంది. గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"హమ్మయ్య," అంది. "మర్చిపోలేదు. ఇంకా కలపలేదంతే."